వంద గజాలు

పెదజాలరిపేట బడి గేటు తాళంకప్పకి
టేపు కొస ఆనించి పట్టుకోమన్నాను లచ్చుంని.
ముప్పై మీటర్ల టేపు. మూడుసార్లు పరవాలి,
ఆపైన బెత్తెడు తక్కువ అయిదడుగులు.
మూడోసారి ఎండబెట్టిన నెత్తళ్ళు అడ్డొచ్చాయి.
"తొక్కకండమ్మా, ప్రభుత్వం టేపు" అన్నాను.
నవ్వారు.

ఎల్లాజీ బడ్డీ ఎనభై రెండు గజాల దగ్గర దొరికింది.
పద్దెనిమిది గజాల నేరం.
నలుగురు కుర్రాళ్ళు పడవనెత్తినట్టు ఎత్తి
సీసాలు గలగలమంటుంటే నడిపించారు,
వెనకాల బడి పిల్లలు ఊరేగింపుగా.
చట్టం అమలైంది. ఫోటో తీసి పైకి పంపాను.

కొత్త చోట, బడ్డీ నీడ ఇప్పుడు పడే చోట,
వలల కుప్ప మీద తెడ్డు పోలమ్మ.
చుట్ట కొస పెదాల బయట, చల్లగా.
నిప్పు లోపల.

సంచీలోంచి చట్టం తీశాను.
అసెంబ్లీలో బల్లలు చరిచి ఒప్పుకున్నది,
సవరణతో కలిపి పదకొండు పేజీలు.
ధూమపానము అనగా, అని మొదలై
అర పేజీ సాగింది.
అడ్డపొగ అన్న మాట ఎక్కడా లేదు.

"అది మగోల్ల మాట బాబూ," అంది, చుట్ట తియ్యకుండానే.
"రేవు గాలికి ఆరిపోద్దని, సంకలో బిడ్డ మీద నుసి రాల్తాదని
మాయమ్మ ఇలాగ తిప్పి ఎట్టుకుంది. నానూ అంతే.
పొగేదీ? సూపించు. రాసుకో."

చూశాను. ఉన్న కాస్తా సముద్రం పట్టుకుపోతోంది.
చలానాలో ఒక గడి: నేరం జరిగిన స్థలం.
నోరు అని రాయాలా?

నోరు తెరవమన్నాను. నేను డాక్టర్ని కాను,
శానిటరీ ఇన్స్పెక్టర్ని.
తెరిచింది.
అంగిలి ఉప్పుమడిలా తెల్లబడి, పగిలి,
మధ్యమధ్య ఎర్రటి చుక్కలు.
"కూరలో ఉప్పు తెలీదు. మనవరాలు సెప్తాది."

అటు లచ్చుం టేపు చుట్టేస్తున్నాడు.
దాని మీద గీతలు లేవు
అంత దగ్గరివి కొలవడానికి.

చలానా వెనక రాశాను:
కేజీహెచ్, మంగళవారం, ఓపీ, పొద్దున్నే.
"మంగళారం బోట్లొస్తాయి" అంది.
చుట్ట తీసి, నిప్పుని ఎవరిదో అన్నట్టు చూసి,
ఇసకలో గుచ్చింది.
ఆర్పిందో, దాచిందో.

చీటీ మనవరాలి చేతికిచ్చింది.
ఆ పిల్ల వెనక వైపు చూడలేదు.
ముందు వైపే, పాఠంలా, వేలు పెట్టి గట్టిగా చదివి
ఒకచోట ఆగింది.
"ఇక్కడేటీ రాయలేదండీ?"