పల్లికొండ తర్వాత

కూడ్లు గేటు దగ్గర మా రేకుల షెడ్డు.
నల్ల పలకల మీద పసుపు అంకెలున్న అద్దె కార్లు మూడు.
మూడింటి ఫాస్టాగులకీ ఒకటే ఫోను, నాది.
ఎవరు తోలినా సరే, గేటు లేచినప్పుడల్లా
నా చొక్కా జేబు టింగుమంటుంది.

ఈ పనిలో దొంగతనం లేదు గానీ
తొంగిచూడ్డం ఉంది.
సాదహళ్ళి మోగితే విమానమో,
నంది కొండ మీది మంచు కోసం కుర్రాళ్ళో.
కణిమిణికె మోగిందంటే
"మీటింగులో ఉన్నానే" అని నా ముందే పెళ్ళానికి చెప్పిన పెద్దమనిషి
మైసూరు దారి పట్టాడన్నమాట.
నవ్వుకుని ఊరుకుంటాను.
మన నోరు మంచిదైతే చాలు.

గురువారం రాత్రి భానుజ అని ఒకావిడ
రెండో నంబరు స్విఫ్ట్ తీసుకుంది.
"ఊళ్ళోనే అన్నా, వైట్‌ఫీల్డ్ దాకా."
డిపాజిట్ మూడు వేలూ
పది రకాల నోట్లలో లెక్కపెట్టింది.

తెల్లారి నాలుగున్నరకి అత్తిబెలె.
వైట్‌ఫీల్డ్ అటు కాదు.
ఐదున్నరకి కృష్ణగిరి.
ఆరుంబావుకి వాణియంబాడి.
నేను పళ్ళు తోముకుంటుండగా పల్లికొండ.
మద్రాసుకైతే ఆ తర్వాత వాలాజా మోగాలి.
కాఫీ తాగాను. పేపరు తిరగేశాను.
మోగలేదు.

పల్లికొండకీ వాలాజాకీ మధ్య
మనవాళ్ళు బండి ఆపే ఊరు ఒకటే ఉంది.
చంకలో ఫైలుతో,
గుప్పిట్లో టోకెన్ నంబరుతో దిగే ఊరు.

ఇరవై నాలుగు గంటల్లో తిరిగొస్తే టోలు తగ్గుతుంది.
అది సర్కారు లెక్క.
నేను దాని పక్కనే ఇంకోటి వేసుకున్నాను:
తగ్గి పడితే డాక్టరు మాత్రలు రాసి పంపేశాడని,
మొత్తం పడితే ఉండమన్నాడని.

శనివారం పొద్దెక్కింది. జేబులో చప్పుడు లేదు.
రాత్రి చూస్తే ట్యాగులో నూటముప్పై మిగిలింది.
పల్లికొండ గేటు లేస్తుంది. వాణియంబాడి లేవదు.
రెండింతలు కట్టమంటారు, వెనక లారీల హారన్లు,
అద్దంలోకి వంగి ఎవడో అరవంలో కసురుతాడు.
అప్పుడు ఆ కార్లో
ఎవరు ఎలా కూర్చుని ఉంటారో.
లేచి ఐదు వందలు వేశాను.
"అర్ధరాత్రి ఎవరికి?" అంది మా ఆవిడ.
"బండికి" అన్నాను.

ఆదివారం మాపటికి వచ్చింది.
వచ్చేటప్పటివి నాలుగూ పూర్తి రేట్లే.
వెనక సీటులో దిండు మరక, పొట్లం కట్టిన దారం.
తీయలేదు నేను.
"టోలు ఎంతయిందన్నా?"

నోటితో చెప్పాల్సింది. ఫోను చేతికిచ్చాను.
ఊరు, గంట, నిమిషం.
ఎవరికీ చెప్పకుండా వెళ్ళిన దారంతా
వరసగా రాసుంది.
చదివింది. కూడికకి అంత సేపు పట్టదు.

"ఇవి తుడిచెయ్యొచ్చా?"
"నా ఫోన్లోవి తుడుస్తాను. బ్యాంకువి నా చేతిలో లేవమ్మా."
"నీ ఫోన్లోవి చాలు."
ఎనిమిదీ ఒక్కొక్కటే తుడిచాను, ఆమె చూస్తుండగా.
వంద తగ్గించబోతే ముఖం గట్టిపడింది.
చిల్లరతో సహా కట్టి ఆటో ఎక్కింది.

బుధవారం రాత్రి మళ్ళీ టింగు.
రెండో నంబరు బండి. పల్లికొండ.

చెప్పులు కూడా లేకుండా షెడ్డుకి పరిగెత్తాను.
బండి టార్పాలిన్ కిందే ఉంది,
దాని మీద బూడిద రంగు పిల్లి.
గేటు లెక్కలు కొన్ని ఇలా ఆలస్యంగా దిగుతాయి,
ఒక్కోసారి ఒకే దాటుకి రెండుసార్లు.
ఫిర్యాదు చేస్తే వెనక్కి వేస్తారు.
ఫారం తెరిచాను. మొదటి గడిలోనే అడిగింది:
ఆ సమయంలో వాహనం ఎక్కడుంది?

పిల్లి లేచి, తిరిగి, మళ్ళీ అక్కడే ముడుచుకుంది.
ఏం రాయాలో తోచక
ఫోను బోర్లించాను.