వెయ్యిన్ని తొంభై

ఏసీ రాగి పైపు ముక్క కోసి
మేడ మీద కర్రకు కట్టిండు లింబాద్రి.
కింద గదిల పాత ల్యాప్‌టాప్.
తెర మీద పసుపు చుక్కలు, చుక్కకో విమానం.
ముహర్రక్‌ల మంచం మీద కూసోని
బుషెహర్ మీద పోయేదాన్ని గూడ పట్టేటోడు.

ఎదురు మేడ మీద టవర్ లేపింది నేనే.
మూడు పలకలు, ముప్పై ఆరు బోల్టులు,
నడుముకు తాడు, ఎండకు కాలే పానా.
ఆ సాయంత్రం గదిల అందరి ఫోన్లకు నిండ గీతలు.
ఇండ్లల్ల మొఖాలు ఆగకుండ నవ్వినయ్.
లింబాద్రి తెర మీద మూడే చుక్కలు,
అవి గూడ ఇంకా నేల ఇడువనియి.

వైరు మార్చిండు. కర్ర తిప్పిండు.
నన్నొక్క మాట అనలే.
"బ్యాండు మేళం పక్కపొంటి పోతుంటె
చెవుల జెప్పిన ముచ్చట ఇనవడ్తదా"
అన్నడు, గోడకు చెప్పినట్టు.

రెండు నెలలకు పోస్టుల అగ్గిపెట్టెంత ఫిల్టర్ డబ్బా.
పైసలు నేనే కట్టిన, వద్దన్నా ఇనలే.
తొమ్మిది వందలను గడప కాడనే ఆపుతదట,
వెయ్యిన్ని తొంభైని లోపటికి రానిస్తదట.
బిగించినం.
ఒకటి. నాలుగు. పదకొండు.
బుషెహర్ మాత్రం మళ్ల రాలే.

రాత్రి హైదరాబాద్‌ది లేచింది.
ఎత్తు, వేగం మెల్లగ సదువుతున్నడు లింబాద్రి.
పై బంకుల ఎల్లేశం
నా టవర్ల నుంచి బిడ్డకు ఎక్కాలు చెప్తున్నడు.
ఏడు పదమూళ్లు తొంభై ఒకటి.
ముప్పై ఒక్క వేల అడుగులు.
సప్పుడు తగ్గియ్యిమని
ఎవ్వలం ఎవ్వలిని అనలే.