తరుగు

జూలై ఆఖరి వారం. తాడిపత్రిలో ఎండ ఇంకా దిగలేదు.
ఆడిటరు గారు అనంతపురం పోయినారు.
ఆఫీసులో నేనూ, రెక్క వంగిన ఫ్యానూ.

వన్నూరప్ప వచ్చినాడు.
రాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు.
జేబులో స్క్రూడ్రైవరు,
కనుబొమల మీద రాతిపొడి,
చేతిలో ఎరువుల కంపెనీ పేరున్న సంచి.
"ఓవర్‌టైమూ బోనసూ కలిసి గీత దాటిందంట సార్,
పన్ను కోసినారు.
పనిముట్ల ఖర్చు రాస్తే వెనక్కొస్తాదని
మా మేస్త్రి చెప్పినాడు. రాయి."

సంచి బోర్లించినాడు.
బల్ల నిండా బిల్లులు.
చెమటకు తెల్లబడినవి కొన్ని,
టీ మరక కింద మొత్తం దాక్కున్నవి కొన్ని.
గ్రైండరు, నాలుగు వేల మూడు వందలు.
పానాల సెట్టు. రసమట్టం.
డైమండు బ్లేడ్లు ఆరు, అందులో రెండు అప్పు.
బిల్లు లేని సుత్తి ఒకటి, నోటిమాటగా:
"పిడి పదకొండు తూర్లు మార్చినా. తుమ్మకట్టె.
తల మాత్రం అదే. దాన్నెట్లా రాస్తావు?"

ఎట్లా రాయను?
ఫారం నిండా గళ్లే.
ఇంటద్దెకు ఒక గడి, బీమాకు ఒక గడి,
గుడికిచ్చిన చందాకూ ఒక గడి.
సుత్తికి లేదు.
జీతగాడు సొంత డబ్బుతో పనిముట్టు కొంటాడని
గళ్లు గీసినాయనకు తోచినట్టు లేదు.

"స్టాండర్డ్ డిడక్షన్ అని ఉందప్పా. యాభై వేలు.
నీ గ్రైండరూ అందులోనే, సుత్తీ అందులోనే."
"అందరికీ అంతేనా?"
"అంతే."
"బ్యాంకు మేనేజరుకూ?"
"ఆయనకూ."
కాసేపు చూసినాడు.
"ఆయప్ప ఏం కొంటాడు సార్, పెన్నా?"
"పెన్ను కూడా బ్యాంకే ఇస్తాది."
ఇద్దరం నవ్వినాం. అతను ముందుగా ఆపినాడు.

అదే యజమాని అయితే తరుగు రాస్తాం.
యంత్రం ఏటా నూటికి పదిహేను తరుగుతుందని
కాగితం మీద ఒప్పుకుంటాం,
ఆ మేరకు పన్ను తగ్గుతుంది.
ఈ మాట వన్నూరప్పకు చెప్పలేదు.
చెబితే ఇంకోటి చెప్పాల్సొస్తుంది:
ఈ గ్రైండరు బిల్లే, నంబరు నాలుగు వందల పద్దెనిమిది,
జిరాక్సు అయి నా డ్రాయరులో
అతని యజమాని ఫైల్లో పడుకొని ఉంది.
ఏప్రిల్లో నేనే ఎక్కించినాను.
నా చేతిరాతే.

పాన్ కార్డులో పేరు తప్పు పడింది, సరిచేసేకి
వేలు పెట్టమన్నాను. మిషను పట్టలేదు.
తుడిచి పెట్టమన్నాను. పట్టలేదు.
బొటనవేలు, చూపుడువేలు, ఆ చెయ్యి, ఈ చెయ్యి.
"రాయి తినేసింది సార్" అని చూపించినాడు,
తప్పు తనదైనట్టు.
పాలిష్ పట్టిన కడప బండ మాదిరి
నున్నగా ఉన్నాయి వేళ్లు.
పద్దుల్లో తరుగు, చేతుల్లో అరుగు.
ఒక్క అక్షరమే తేడా.
ఆ అక్షరానికి నేను నెలకు పదకొండు వేలు తీసుకుంటాను.

ఫోనుకు నంబరు వస్తే పని అవుతుంది.
సిగ్నలు లేదు, కూర్చున్నాం.
ఊరికే కూర్చోవడం ఆ మనిషికి రాదు.
నేను పెన్ను కోసం డ్రాయరు గుంజుతుంటే
కీచుమని సగంలో ఇరుక్కుంది, నాలుగేళ్లుగా అంతే.
"జరుగు సార్" అన్నాడు.
అడ్డం చెప్పేలోపు నేల మీద కూర్చున్నాడు.
జేబులోంచి స్క్రూడ్రైవరు. రెండు మరలు విప్పి,
పట్టాల మీద దుమ్ము ఊది,
ఒకదాన్ని బొటనవేలితో సరిచేసి,
నా దగ్గరున్న కొవ్వొత్తి ముక్క రుద్దినాడు.
ఫైలును పక్కకు జరిపినాడు, మెల్లగా,
దుమ్ము పడకుండా.
అట్ట మీది పేరు చదివినాడో లేదో
నాకు తెలీదు.

రెండు వేల నూట నలభై వెనక్కొస్తాయి.
మూడొందలు ఫీజు లెక్కపెట్టి ఇచ్చినాడు.
"డ్రాయరుకు ఎంతప్పా?"
"దీనికి బిల్లేంది సార్" అని
బిల్లులన్నీ మళ్లీ సంచిలో కుక్కుకొని పోయినాడు.

ఇప్పుడు చిటికెనవేలితో తాకినా తెరుచుకుంటుంది.
పెన్ను కోసం తీసిన ప్రతిసారీ
అన్నిటికంటే ముందు ఆ ఫైలే జారి బయటికొస్తుంది.