కరెంటు బిల్లు వెనక

ఆదివారం రాత్రి కరెంటు బిల్లు వెనక
ఎలియానా వారాన్ని రాసుకుంటుంది:
సోమవారం చిక్కుడు గింజలు, మంగళవారం గుమ్మడి పులుసు,
బుధవారం మిగిలిందేదో అది.
గురువారం దగ్గర పెన్సిల్ ఆగిపోతుంది.

వాల్పరైసో మెట్లెక్కేటప్పుడు
పొద్దంతా బస్సు నడిపిన భుజాలు
"ఈ పూటకి కొనేద్దాం" అంటాయి.
మలుపులో ఓస్వాల్దో కొట్లో కాగే నూనె
వాటికి వంత పాడుతుంది.

అయినా తెల్లారి నానేసిన గింజలు
గిన్నెలో ఉబ్బి కూర్చుంటాయి;
వాటికి మొహం చాటేయడం కష్టం.

నెల తిరిగాక,
"మా కొట్టు మీద అలిగావా?"
అడగడానికొచ్చిన ఓస్వాల్దో
గుమ్మంలో వాసనకి ఆగిపోయాడు.
రోజూ వేపుళ్లమ్మే మనిషి
రెండోసారి గరిటె అందుకున్నాడు,
అడుగంటింది కూడా గీక్కున్నాడు.

ఇప్పుడు బిల్లు వెనక
గురువారం దగ్గర ఉంది:
ఇంకో గుప్పెడు.