అడ్డం, నిలువు

వదినా కెజయా,
కాగితం ఒక్కటే మిగిలింది.
ఇంకోటి అడిగితే నాన్న దాని ఖరీదు చెప్తాడు.
అందుకని ముందు అడ్డంగా రాస్తాను,
తరవాత తిప్పి, ఆ రాతమీదే నిలువుగా.
అడ్డం ముందు చదువు. అందరి ముందూ చదవొచ్చు.

ఏమోస్ చిన్నాన్న పళ్ళసెట్టు కొన్నాడు.
ఎవరి పళ్ళో ఏమో,
ఆయన నవ్వితే ఇంకెవరో నవ్వినట్టుంది.
ఆదివారం కీర్తన మధ్యలో కింది వరస జారి
పాటల పుస్తకంలో పడింది.
ఫాదరుగారు ఆమెన్ రెండుసార్లు అన్నారు.

కవలలకు కోరింతదగ్గు తగ్గింది.
గ్యాసు ఫ్యాక్టరీ గోడ పక్కన నిలబెట్టి
ఆ కంపు పీల్పించమంది మంత్రసాని.
పీల్చారు. దగ్గు తగ్గిందో,
మళ్ళీ తీసుకెళ్తామని భయపడి మానేశారో.

హెర్రింగు చేప ఈ ఏడు విరగపడింది.
విట్‌బీ అంతా ఉప్పు కంపు, పిల్లికే మొహం మొత్తింది.
సిలాస్, అదే, పడవలకు తారు పూసే సిలాస్,
నిన్నటితో మూడోసారి మా గుమ్మంలో గొడుగు మర్చిపోయాడు.
నిన్న వాన లేదు.
అంతకంటే అడ్డంగా రాయను.

పనికి లోటు లేదు.
రాణిగారు నల్లబట్ట కట్టినప్పటినుంచి
దేశమంతా మా కొండచరియల జెట్ రాయే అడుగుతోంది.
నాన్న చెక్కుతాడు, నేను మెరుగు పెడతాను.
ఎక్కడో ఎవరింటనో దీపం ఆరితే
ఇక్కడ మా పొయ్యి వెలుగుతుంది.
అత్తయ్యకు నా ముద్దులు.

ఇక కాగితం తిప్పు.

కిటికీ దగ్గరికి వెళ్ళు. బ్రాడ్‌ఫర్డ్ మసి తుడుచుకుని
ఏటవాలుగా పట్టుకో.
వలలోంచి చూసినట్టు చూస్తే
ఒక్కొక్క మాటే చిక్కుతుంది.
ఇది నాన్న చదవలేడు.
ముప్పై ఏళ్ళ నల్లపొడి ఆయన కళ్ళలో పొరలు కట్టింది.
అడ్డం వరసలు వేలు పెట్టుకుని, భోజనాల దగ్గర
గట్టిగా చదివి వినిపిస్తాడు.
నిలువు వరసలు ఆయనకు వాన.

అడ్డం రాతలో ఎక్కడా ఈనాక్ పేరు లేదు, చూశావా?
రాస్తే నాన్న అక్కడే ఆగిపోతాడు, చెంచా చేత్తో పట్టుకుని.
నీ నల్లంచు కవరు వచ్చిన పొద్దున
అలవాటుకొద్దీ అడిగాడు:
"ఏం కావాలిట, బ్రోచా, లాకెట్టా?"
తరవాత చేతిరాత గుర్తుపట్టాడు.
ఆ రోజు సానచక్రం తిరగలేదు.

లాకెట్టు నేనే చేశాను. డబ్బు మాటెత్తకు.
కానీ ఒకటి చెప్పాలి.

నువ్వు పంపిన జుట్టు,
పదకొండు నెలల పిల్లాడి జుట్టు, వదినా,
పట్టుకుంటే వేళ్ళకు తెలీదు.
ఊపిరి తగిలితే లేస్తుంది.
తలుపులు మూసి, గుడ్డ ముక్కుకి కట్టుకుని అల్లాను.
మూడుసార్లు అల్లితే మూడుసార్లూ జారింది.
జడకి పట్టు చాల్లేదు.
పట్టుదారం కలపొచ్చు. కొట్లల్లో కలుపుతారు,
కొన్నవాళ్ళకు చెప్పరు.
నేను నా తలలోంచి తొమ్మిది వెంట్రుకలు తీశాను.

రంగు తేడా లేదు. ఎలా ఉంటుంది?
నాకు నాయనమ్మ, నీకు అమ్మమ్మ,
ఆ తుప్పురంగు జుట్టు ఆవిడ పంచిందేగా,
గిన్నెలూ దుప్పట్లూ పంచడంలో
ఎంత తగువు పడ్డా.
వాడి వాటా వాడికీ వచ్చింది.
ఇప్పుడు అద్దం కింద కుదురుగా ఉంది.

తప్పనిపిస్తే చెప్పు, విప్పేస్తాను.
విప్పితే ఏది వాడిదో ఏది నాదో
పోల్చగలనని మాత్రం మాటివ్వలేను.

గొడుగు సంగతి అడుగుతావని తెలుసు.
చోటు లేదు, అంచు వచ్చేసింది.
నాలుగోసారి మర్చిపోతే రాస్తాను.

నీ డోర్కస్