పోగు

నా ఫోను ఇప్పుడు రై పిండి డబ్బాలో ఉంది.
పాతిపెట్టలేదు, పారేయలేదు.
పిండి తీసినప్పుడల్లా గరిటె తగిలి
టక్కుమంటుంది.
మా ఇద్దరి మధ్యా మిగిలిన పలకరింపు అంతే.

ఏడేళ్లు తాలిన్‌లో రాత్రి కాపలా నాది.
కాపలా అంటే లాంతరూ కర్రా కాదు.
ఎక్కడో చలిగదిలో బారులు తీరిన యంత్రాలు,
వాటిలో ఒకటి కళ్లు తేలేస్తే
నా దిండు కింద గుయ్యిమనేది.
రెండింటికి, మూడుంపావుకి,
ఒకసారి మా అక్క పెళ్లికేకు కోస్తుండగా,
ఒకసారి పళ్ల డాక్టరు చెయ్యి నా నోట్లో ఉండగా.
ఏమీ మోగని రాత్రులు ఇంకా చెడ్డవి:
ఎందుకు మోగలేదా అని లేచి చూసేదాన్ని.

చివరికి నా తొడ నేర్చుకుంది
ఖాళీ జేబు కింద కూడా వణకడం.
డాక్టరమ్మ "విశ్రాంతి" అని రాసి
దాని కింద ఒక యాప్ పేరు రాసిచ్చింది.
నవ్వొచ్చింది.
ఆగడానికి మూడు రోజులు పట్టింది.
అది నవ్వు కాదని రెండో రోజే తెలిసింది.

హీయుమా దీవికి మార్చిలో వచ్చాను,
సముద్రం ఇంకా పెచ్చులు పెచ్చులుగా గడ్డకట్టి ఉండగా.
ఉన్ని మిల్లు పైన అద్దెగది, కింద పని.
హెల్డూర్ నా చదువు అడగలేదు.
"చెవులు బాగా పనిచేస్తాయా?" అన్నాడు.

ఉన్నిని ఏకే యంత్రం, వడికే యంత్రం
రెండూ అతని తండ్రి కన్నా పెద్దవి.
ఎర్ర దీపం లేదు, గంట లేదు.
పోగు తెగితే చెప్పవు.
పన్నెండు కదుళ్ల హోరులో
ఒక ఊపిరి తగ్గుతుంది, అంతే.
మొదటి నెల నాకేమీ వినపడలేదు.
పక్కగదిలోంచి టీ కప్పుతో వచ్చి
"నాలుగోది" అని చెప్పి వెళ్లిపోయేవాడు.

గోడ గడియారం పదకొండు నిమిషాలు వెనక.
దిద్దడు.
పడవ దానికోసం ఆగదుగా అంటే
"మనమే కాస్త ముందు బయల్దేరతాం" అంటాడు.

తేనెలో నానిన బతుకనుకునేరు.
ఉన్ని దుమ్ముకి దగ్గు.
నవంబరులో నాలుగింటికే చీకటి.
అబద్ధమెందుకు, విసుగెత్తి
సబ్బు పెట్టె మీద అక్షరాలు
బట్టీ వచ్చేదాకా చదివాను.
రెండుసార్లు పిండిలో చెయ్యి పెట్టాను,
మోచేతిదాకా తెల్లబడి, తీసేశాను.
అందులో ఎన్ని సందేశాలు పోగుపడి ఉంటాయో,
ఎవరు పుట్టారో, ఎవరు అలిగారో.

మొన్న టావెత్ దగ్గర్నుంచి పోస్టుకార్డు.
వానకి సగం సిరా కారిపోయింది.
"విల్యా, నిన్న రాత్రి అన్నీ ఒకేసారి పడిపోయాయి.
అలవాటుగా నీ కుర్చీ వైపు చూశాం.
కాసేపటికి వాటంతట అవే లేచాయి."
ఆ నిన్న జరిగి పది రోజులైంది.

గుండె తేలికపడాలి కదా.
పడలేదు.
వాటంతట అవే లేచేవైతే
ఏడేళ్ల నా నిద్ర ఎవరికి వడ్డించాను?
కార్డు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను,
కింద యంత్రం తన మానాన తను తిరుగుతూ.

ఉన్నట్టుండి, హోరులో ఒక సందు.
"తొమ్మిదోది" అన్నాను గట్టిగా.
పక్కగదిలో కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు.
అతను రాలేదు.

ఉన్నికి ముడి వెయ్యకూడదు.
తెగిన రెండు కొసలూ కాస్త విప్పి
ఒకదానిలో ఒకటి పరచి
అరచేతిలో ఇంత ఉమ్మి వేసుకుని
రుద్దాలి, చెయ్యి వేడెక్కేదాకా.
రుద్దాను.
కళ్లు మూసుకుని తడిమితే అతుకు దొరకలేదు.
కిటికీ దగ్గర పట్టి చూస్తే
అక్కడ మాత్రం కొంచెం లావు.

ఉండనీ.