నాచు మీద నడవొద్దు

అల్ ఐన్ నర్సరీలో మధ్యాహ్నం బువ్వ వేళ.
వేపమొక్కల సంచుల పక్కన షెడ్డు నీడ,
ఎరువు బస్తాల మీద తొమ్మిది మంది, నేనూ,
చేతులు మారుతున్న నా ఫోను.

కనజవా పోయొచ్చాను, కంపెనీ ఖర్చుతో.
రిసార్టులో జపాన్ తోట వేయాలి,
ఆరు రోజులు చూసి గీసుకు రమ్మన్నారు.
నాలుగు వందల పన్నెండు ఫోటోలు.

చెరువు. వంతెన. రాతి దీపం,
ఒక కాలు నీళ్లలో, ఒక కాలు గట్టు మీద.
"దిగుదునా వద్దా అన్నట్టున్నది" అన్నాడు ముత్తెన్న,
బాల్కొండ మనిషి, పసుపు తవ్విన వేళ్లు.

అడక్కపోయినా సలహాలు చెప్పాను.
పొద్దున్నే వెళ్లాలి, గుంపులు దిగకముందు.
చిల్లర నాణేలు దగ్గరుంచుకోవాలి.
మేజోళ్లకు చిల్లులుండకూడదు,
గడప గడపకీ బూట్లు విప్పాలి.
చెత్తడబ్బా ఎక్కడా కనపడదు, సంచి పట్టుకెళ్లండి.
"పట్టుకెళ్లండి" అన్నాక
నా మాట నాకే వినిపించింది.
రెండేళ్లకోసారి ఊరికి టికెట్టు దొరికే మనుషులు
బుద్ధిగా తలలూపారు.
రఫీక్ అయితే చిల్లర ఎంతుండాలో కూడా అడిగాడు.

తర్వాత పైన్ చెట్టు.
నడిమి గుంజ కొసనుంచి కొమ్మకొమ్మకీ తాళ్లు,
గొడుగు ఊచల్లా.
"ఈత బోదెలను లారీ ఎక్కించేటప్పుడు
మట్టలకు మేమూ కడ్తం. ఇది యాడికి పోతది?"
ఎక్కడికీ పోదు. మంచు పడితే కొమ్మలు విరగకుండా.
"మంచేది?"
ఇంకా పడలేదు.
"ఓహో. రాని బరువుకు తాళ్లు."
పప్పు కలుపుతూ కొంచెం ఆగి,
"మాకు బరువు ముంగట్నే వచ్చింది మేడమ్" అని
తనే నవ్వేశాడు.

నాచు ఫోటో దగ్గర మాత్రం నవ్వు కాదు, గోల.
"పాకురా! మా బాయి మెట్ల మీద కొబ్బరిపీచుతో రుద్ది పారేస్తం!
దీనికి టికెట్టా?"
దానిమీద కాలు పెట్టకూడదని తాడు కట్టారు, చెప్పాను,
బోర్డు కూడా ఉంది, చూడండి.
ముత్తెన్న బోర్డు చూడలేదు.
"గీ మూలకు ఎవలు?"

మూలకా? ఎవరూ లేరే.
ఎడమ అంచున, నేను సగం కోసేసిన చోట
తలగుడ్డ, మోచేతి తొడుగు,
గొంతుక్కూచున్న ఒక ముసలావిడ.
వేళ్లతో గడ్డి ఏరుతోంది, నాచు నలగకుండా.
పెద్దది చేస్తే ముఖం పచ్చటి గళ్లుగా చెదిరిపోయింది,
చెయ్యి మాత్రం నిలబడింది.
"కొడవలి ఎట్ల పట్టుకున్నదో సూడుండ్రి," అన్నాడు,
"మొన జేతిలకు, బొటనేలు కింద. మా అవ్వ గంతే."

నాలుగు వందల పన్నెండింటిలో
పనిచేసే మనిషి ఆమె ఒక్కతే.
అదీ నేను తీయాలని తీసింది కాదు.
"అండ్ల మనుషులెంత మంది?" అడిగాడెవరో.
లెక్కపెట్టలేదు.
రాళ్లు లెక్కపెట్టాను, దీపాలు లెక్కపెట్టాను,
వంతెన ఎత్తు టేపుతో కొలిచాను.
"గా ఒక్కటి నా ఫోన్లకు తోలు మేడమ్."
వంతెన వద్దన్నాడు. చెరువు వద్దన్నాడు.

మార్చిలో రిసార్టు తోట.
ఈ ఎండకి నాచు బతకదని కంటైనర్‌లో వచ్చింది,
చైనా ప్లాస్టిక్ నాచు, చాపల్లా చుట్టలు చుట్టలు.
పరిచాము. అంచులకు జిగురు పూశాము.
ఇంజినీరు చుట్టూ తిరిగి బాగుందన్నాడు,
బూట్లతోనే, నడిమధ్య నిలబడి.

అతను పోయాక
అవతలి గట్టున మరిచిన పార కోసం
ముత్తెన్న బయల్దేరాడు.
అంచు దగ్గర ఆగి,
ఒక్కో బూటూ విప్పి, పక్కపక్కన పెట్టి,
చిల్లులున్న మేజోళ్లతో
మెల్లగా, మడమ ఆనకుండా
దాటుతున్నాడు.

ప్లాస్టిక్కేగా ముత్తెన్నా, అన్నాను.
వెనక్కి చూడలేదు.
"అడుగు పెట్టొద్దన్నవ్ గద" అన్నాడు.